ఎద్దును కొట్టని రోజు

కరీంనగర్,
12 సెప్టెంబర్ 1984.

గంగక్కకు,

నిర్మల టీచరమ్మ పేరు మీద రాయమన్నావు కాబట్టి ఆమె పేరు మీదే వేస్తున్నాను. నీకొచ్చే ఉత్తరాలు నీకంటే ముందు బావ చదువుతాడన్నది నాకు నచ్చలేదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలని బడిలో సారు చెప్పేవాడు. నా కింది పెదవి తప్ప అంతా క్షేమమే.

మొన్న వినాయక మండపం దగ్గర తన్నుకున్నాం. కైలాసం సేటు ఆర్కెస్ట్రాలో పాడుతున్నానని నీకు తెలుసు కదా. సినిమా పాటలు పాడడం, నడుమ నడుమ చందా ఇచ్చినవాళ్ల పేర్లు చదవడం, ఇదీ నా కొలువు. ఆ రోజు ఎందుకో తిక్క లేచింది. పేర్ల చీటీ జేబులో పెట్టుకొని నేను రాసుకున్న పాట ఎత్తుకున్నాను. పాట అనకూడదేమో, అరుపు. షార్జా నుంచి మన లచ్చయ్య పంపిన క్యాసెట్టు ఒకటుంది అక్కా. వాడి ఫోర్‌మన్‌ది ఐర్లండ్ అనే దేశమట. ఆ దేశపు పాటగాడెవరో పాడిన క్యాసెట్టు అది. ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఆ మనిషి పాడుతుంటే ఎదురుగా ఉన్నవాడి గల్లా పట్టుకున్నట్టే ఉంటుంది. వినీ వినీ రీలు సాగిపోయింది.

నేనూ అట్లనే పాడాను. "ఏందిరా గీ లొల్లి? సినిమా పాట పాడు" అని ముందు వరసలోంచి ఎవడో కుర్చీ విసిరాడు. అదే కుర్చీ తిరిగి వాడి మీదికి విసిరాను. ఇక చూడు, ట్యూబులైట్లు పగిలాయి, ఒకడి నెత్తి పగిలింది, నా పెదవి చీలింది. కైలాసం సేటు అందరి ముందు చెంప మీద కొట్టి వెళ్లగొట్టాడు. డప్పు కొట్టే బుచ్చిరాములు ఒక్కడే నా వెంట వచ్చేశాడు. ముక్కులోంచి నెత్తురు కారుతుంటే నవ్వుతున్నాడు. "అన్నా, గిట్లనే మస్తుంది. మనం ఇదే జేద్దాం" అన్నాడు. జనం మాకు అప్పుడే పేరు కూడా పెట్టారు, లొల్లి పార్టీ అని.

అవ్వకు చెప్పకు. లక్సెట్టిపేట నుంచి బస్సెక్కి వచ్చి, కన్నకొడుకునని కూడా చూడకుండా కొడుతుంది.

నీ తమ్ముడు,
హనుమండ్లు

*

బోథ్,
3 అక్టోబర్ 1984.

ఒరే హన్మా,

పెదవి పగిలినోడివి అన్నం ఎట్లా తింటున్నావురా? కొన్నాళ్లు మిరపకాయ మానెయ్ జర. కుర్చీ విసిరినందుకు నిన్ను తిట్టాలి. కానీ ఆ ముక్క చదువుతూ టీచరమ్మా నేనూ కడుపు పట్టుకొని నవ్వాం. గల్లా పట్టుకున్నట్టు పాడతావా? చిన్నప్పుడు పాలు పితకడానికి పొమ్మంటే బర్రెకు భయపడి ఏడ్చినోడివి నువ్వే కదా.

ఇక్కడ పోలా పండుగ అయిపోయింది. మన లక్సెట్టిపేటలో ఇంత హంగామా ఉండదు. ఇక్కడంతా మరాఠీ పద్ధతి. ఎద్దులను వాగులో కడిగి, కొమ్ములకు రంగులేసి, వీపున అద్దాలు కుట్టిన జూలు గుడ్డ కప్పి హనుమాన్ గుడి చుట్టూ తిప్పుతారు. ఆ రోజు ఎద్దును బండికి కట్టరు, కొట్టరు, చర్నాకోల చేత్తో ముట్టరు. ఆడవాళ్లం వాటి కాళ్లు కడిగి పోళీలు తినిపిస్తాం. మీ బావ విఠల్ ఆ ఎద్దుల ముందు చేతులు కట్టుకొని నిలబడితే చూడాలిరా, ఇంత నెమ్మదస్తుడు జిల్లాలోనే లేడనిపిస్తుంది.

కానీ చెయ్యి ఊరుకోదు కదా. ఒక పోళీ మాడింది. అంతే. నేను కొట్టంలోకి ఉరికి పెద్దెద్దు పక్కన నిలబడ్డాను. దానికి తగులుతుందన్న భయంతోనన్నా ఆగుతాడేమోనని. ఆయన దాన్ని మెల్లగా, బుజ్జగిస్తూ పక్కకు జరిపాడు. తర్వాత నన్ను కొట్టాడు. చర్నాకోల ముట్టలేదురా, పండుగ కదా. పలుపుతాడుతో కొట్టాడు. అంత నొప్పిలో నాకు నవ్వొచ్చింది. ఎద్దుకు ఏడాదిలో ఒక్క రోజన్నా ఉంది, నాకు అదీ లేదనుకున్నాను.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానో తెలియదు. పెళ్లైన ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. పరేషాన్ కాకు. అవ్వకు చెప్పావో, చంపుతా.

నీ అక్క,
గంగుబాయి

*

కరీంనగర్,
20 జనవరి 1985.

అక్కా,

నీ ఉత్తరం చదివి గోడకు గుద్దాను. వేళ్లు వాచి పది పదిహేను రోజులు గిటారు పట్టరాలేదు. గొడ్డలి సంచిలో పెట్టుకొని బోథ్ బయలుదేరాను. నిర్మల్ దాకా వచ్చి బస్సు దిగాను. వచ్చి ఏం చేస్తాను? కొడతాను. నేను కొట్టి పోయాక నీకు రెండింతలు పడతాయి. నిర్మల్ బస్టాండులో కూర్చొని ఏడ్చి, తిరుగు బస్సులో పాట రాశాను.

ఎద్దుకొక్క రోజు దొరికె, నాదేదిర రోజు?
కొమ్ములకు రంగులేసి కొలిచినోడ చెప్పర,
కొట్టంల ఏడ్చెటి ఆడిదాని రోజేది?

కాలేజీ వార్షికోత్సవంలో పాడాం. బుచ్చిరాములు డప్పు మీద విరుచుకు పడ్డాడు. మొదటి చరణానికి అందరూ బిగుసుకుపోయారు. రెండో చరణానికి పోరలు బెంచీల మీదికెక్కి తొక్కడం మొదలుపెట్టారు. బెంచీలు విరిగాయి, కిటికీలు పగిలాయి, పోలీసులు లాఠీలతో లోపలికొచ్చారు. నా మోచేతి మీద రెండు పడ్డాయి, పాట మాత్రం ఆపలేదు. ఇప్పుడు కరీంనగర్‌లో ఎక్కడికి పోయినా అదే పాట అడుగుతున్నారు. టవర్ దగ్గర షాపులో క్యాసెట్టు కూడా చేశాం. జగిత్యాల, పెద్దపల్లి పిలుస్తున్నాయి.

నీ పేరు ఎక్కడా రానీయలేదు, ఫికర్ చేయకు. బావను నేను కొట్టలేకపోయాను. పాటతో కొడుతున్నాను.

హనుమండ్లు

*

బోథ్,
17 ఫిబ్రవరి 1985.

హనుమండ్లూ,

ఈసారి ఒరే అనను. సంత నుంచి వస్తుంటే బస్టాండు పక్క హోటల్లో నీ క్యాసెట్టు మోగుతోంది. ముందు గొంతు గుర్తుపట్టి సంతోషపడ్డాను, నా తమ్ముడని. తర్వాత మాటలు విన్నాను. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా కొట్టం, నా ఎద్దు, నా వీపు. చాయ తాగుతున్న మగవాళ్లు బల్లల మీద దరువేస్తున్నారు.

దెబ్బలు నాయి, దరువు నీదా? ఒక్క మాట అడిగినవారా నన్ను? నేను నీకు చెప్పుకున్న, ఊరికి చెప్పుమనలే. గా మాట ఎవరికి చెప్పాల్నో, ఎన్నడు చెప్పాల్నో, అది నా ఇష్టం. గంత బాధల నాకు మిగిలిందే గదొక్కటి. గది గూడ గుంజుకున్నవ్. గోడకు గుద్దుకున్నవంట, గోడ ఏమన్నదిరా? గొడ్డలి పట్టుకొచ్చి నిర్మల్‌ల దిగినవంట, నేను మెచ్చుకోవాల్నా?

టీచరమ్మ పాట విని నా ముఖం చూడలేక తల దించుకుంది. మీ బావ ఇంకా వినలేదు. ఆయన హోటలు చాయ తాగడు, పాటలంటే పడదు, ఇంట్లో టేపురికార్డరు లేదు. వినడం అంటూ జరిగితే నేను ఉండను. కోపం కొద్దీ చెప్పడం లేదు, ఆ మనిషి చెయ్యి నాకు తెలుసు.

గోదావరి దాటి ఇటువైపు ఆ పాట పాడితే నాకు తమ్ముడు లేడు.

గంగుబాయి

*

లక్సెట్టిపేట,
2 జూన్ 1985.

అక్కా,

నువ్వు చెప్పినట్టు వినలేదు. మన ఊరే కదా అని అంగడి రోజు ఇక్కడ పాడాను. రెండో చరణంలో నలుగురు మీదికెక్కారు. నాకు వాళ్లతో ఏ తగాదా లేదు. ఒక్కొక్కడూ ఆ పాట తన మీదే కట్టానని అనుకున్నాడు! "మా ఇంట్ల సంగతి నీకెవడు జెప్పిండురా" అని ఒకడు సైకిలు చైనుతో కొట్టాడు, "నా పెండ్లం జెప్పిందారా" అని ఇంకొకడు తన్నాడు. ముందు పళ్లు రెండు పోయాయి, పక్కటెముక విరిగింది. బుచ్చిరాములు డప్పును కత్తితో అడ్డంగా చీరేశారు. అది వాళ్ల బాపు కొట్టిన డప్పు. నాకు పళ్లు ఊడుతుంటే కూడా నవ్వినవాడు, చీలిన తోలు ఒళ్లో పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిట్టాలనుకుంటే తిట్టు. కానీ అసలు సంగతి విను. దవాఖానకు బావ వచ్చాడు. మామిడిపండ్ల గంప నెత్తిన పెట్టుకొని! నా ముఖం చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగా తిరిగాయి, నేను చూశాను. "నా బామ్మర్దిని ముట్టెటోడు ఎవడు? పేరు చెప్పు, నరుకుత" అన్నాడు. ఏ పాటకు కొట్టారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పోయేముందు అవ్వ ముందు కూర్చొని అన్నాడు: "అత్తా, పోలాకు మా ఊర్ల వీని పార్టీ పెడుతున్న. నా ఎద్దుల ముందల నా బామ్మర్ది పాడాలె. ఊరంత జూడాలె."

అల్లుడు నోరు తెరిచి పిలిస్తే మన ఇంట్లో కాదన్నవాళ్లున్నారా? అవ్వ మురిసిపోయి తలూపింది. నేనూ ఊపాను. ఊపాక నీ మాట గుర్తొచ్చింది. ఏం చేయాలో చెప్పు.

హనుమండ్లు

*

బోథ్,
18 ఆగస్టు 1985.

ఒరే హన్మా,

పళ్లు పోయినవాడి మీద కోపం పట్టలేకపోతున్నాను. మెత్తగా వండింది తిను.

ఇక్కడ మీ బావ కనిపించినవాడికల్లా చెబుతున్నాడు, మా బామ్మర్ది వస్తుండని. నీకు కొత్త బట్టలు తెచ్చి పెట్టాడు. పోయిన నెల నా ఎడమ మణికట్టు విరిచింది కూడా ఆయనే. బావి దగ్గర జారిపడ్డానని టీచరమ్మకు చెప్పాను. నమ్మినట్టు చేసింది, పాపం. బట్టలు తెచ్చిన మనిషీ, చెయ్యి విరిచిన మనిషీ ఒక్కరే అంటే ఎవరు నమ్మాలెరా?

రాకుంటే అనుమానపడతాడు, అందుకే రా. ఏ పాటన్నా పాడు, అది మాత్రం వద్దు. ఊరంతా అడిగినా వద్దు, నన్ను కాపాడాలనిపించినా వద్దు. అవ్వ మీద ఒట్టు.

ఇంకొక మాట. నీ పాటలో నేను ఏడుస్తున్నాను. ఆ రోజు నేను ఏడ్వలేదు. నవ్వొచ్చిందని రాశాను కదా? అంత ఉత్తరంలో నువ్వు వదిలేసింది అదొక్కటే. అందుకే అది నా పాట కాదు. జొన్నరొట్టెలు కొడుతుంటే ఈమధ్య నాకూ నాలుగు మాటలు నోట్లోకి వస్తున్నాయి. ఎవరికీ చెప్పను. నీకైతే అసలే చెప్పను.

గంగుబాయి

*

సబ్ జైలు, ఆదిలాబాద్,
9 అక్టోబర్ 1985.

గంగక్కకు,

ఇక్కడ ఉత్తరం విప్పి చదివిగానీ పంపరు, అందుకే దీన్ని బుచ్చిరాములు చేతికిచ్చి పంపుతున్నాను. నీ వీపు ఎట్లా ఉంది? కుట్లు విప్పారా? నువ్వు స్పృహ తప్పిన తర్వాత ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

నేను ఒట్టు తప్పలేదు అక్కా. జానపదాలు పాడాను, భజన కూడా పాడాను. ఎద్దులు ముందు వరసలో నిలబడి ఉన్నాయి, వాటి పక్కన బావ. పోరలు అరవడం మొదలుపెట్టారు, "ఎద్దు పాట, ఎద్దు పాట" అని. నేను రాదన్నాను. రాళ్లు పడ్డాయి. అప్పుడు బావే వేదిక ఎక్కాడు. "నా ఎద్దుల మీద పాట గట్టి నా ముందల పాడవా? పాడురా!" అన్నాడు. తన ఎద్దులను పొగిడే పాట అనుకున్నాడు ఆ మనిషి. నేను నోరు మూసుకొని నిలబడ్డాను. ఇంతమంది ముందు ఇజ్జత్ పోయిందని చెంప మీద కొట్టాడు. రెండోసారి చెయ్యి లేపేసరికి నువ్వు ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చావు.

నా చేతిలోంచి మైకు తీసుకున్నావు. నీ గొంతు వణుకుతుందనుకున్నాను. నువ్వు నవ్వుతూ ఎత్తుకున్నావు.

పండుగపూట చర్నాకోల ముట్టడమ్మ మావోడు,
పలుపుతాడుతోనె కొడ్తడు, పద్ధతి గల్లోడు!

అక్కా, నేను ఇన్నాళ్లు అరిచింది దండగ. నువ్వు అరవలేదు. బుచ్చిరాములు అతుకుల డప్పు మీద మెల్లగా దరువందుకున్నాడు. ఆడవాళ్లలో ముందు ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది, తర్వాత ఆ వైపంతా నవ్వింది. మగవాళ్లు బావ ముఖం చూశారు. ఆయనకు అప్పుడు అర్థమైంది. కిందికి దూకి బండిలోంచి చర్నాకోల తీసుకొచ్చాడు. మొదటి దెబ్బకు నీ రవిక చీలింది, రెండో దెబ్బకు మైకు పడింది. మూడో దెబ్బకు పెద్దమనిషి ఒకాయన లేచి అరిచాడు. ఏమని అరిచాడో తెలుసా? "పోలా నాడు చర్నాకోల ముట్టద్దురా విఠల్, ఊరికి అరిష్టం!" అన్నాడు. నిన్ను కొట్టొద్దని కాదు! నువ్వు మోకాళ్ల మీద పడి కూడా రెండో చరణం పాడుతున్నావు. ఆ తర్వాత నీ తల వాలింది.

నా కళ్లకు ఏమీ కనబడలేదు. మైకు స్టాండు ఎత్తి బావ ముఖం మీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. ఒక కన్ను పోయిందని ఇక్కడ చెప్పారు. పోనీ. నిర్మల్‌లో బస్సు దిగినప్పటి నుంచి నా చేతుల్లో దాచిపెట్టుకున్న దెబ్బ అది.

వకీలు నీ దగ్గరికి వస్తాడు. బావే తాగి వేదిక మీది నుంచి ఇనుప కడ్డీ మీద పడ్డాడని నువ్వు చెబితే కేసు నిలవదట. చెప్పు అక్కా. సంతోషపడ్డావా లేదా? నీ పగ నేను తీర్చిన.

నీ తమ్ముడు,
హనుమండ్లు

*

కరీంనగర్,
1 డిసెంబర్ 1985.

ఒరే హన్మా,

వీపు మానింది. కుడి భుజం పైకి లేవదు, ఇక లేవదట కూడా. బోథ్ వదిలేశాను. టీచరమ్మ తన చీర కట్టించి బస్సెక్కించింది. బుచ్చిరాములు వాళ్ల అమ్మ దగ్గర ఉంటూ బీడీలు చుడుతున్నాను. మీ బావ నిజామాబాద్ దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడట.

సంతోషపడ్డావా అని అడిగావు. పడలేదు.

నువ్వు చూసింది రాశావు. చూడనిది నేను చెప్తా విను. నేను స్పృహ తప్పలేదు. తల వాల్చింది ఊపిరి కోసం. అప్పటికే మా అత్త భూమవ్వ లేచింది. ముప్పై ఏండ్లు మొగుని చేత తన్నులు తిని, నన్ను తంతుంటే ముఖం తిప్పుకున్న మనిషి. కొడుకు వెనక నుంచి వచ్చి చర్నాకోల కొస పట్టుకుంది. "ఇగ సాలు, ఇడువురా" అంది. ఆయన గుంజాడు. ఆమె వదల్లేదు. ఆమె వెనక టీచరమ్మ లేచింది, ఆమె వెనక ఇంకా చాలామంది లేచారు. చీరలు నడుముకు దోపుకుంటూ వస్తున్నారురా! కన్న తల్లి కొస పట్టుకునేసరికి ఆయన మొదటిసారి భయపడ్డాడు. నేను ఆయన ముఖంలో ఆ భయం చూశాను. ఇన్నేళ్లు అది చూడాలనే బతికాను.

అప్పుడు నువ్ కొట్టినవ్.

ఇగ అంతే. ఆడోళ్లంత ఆగిండ్రు. భూమవ్వ చర్నాకోల ఇడిసిపెట్టి కొడుకు మీద పడి ఏడ్సింది. ఊరంత నీళ్లు తెచ్చి ఆయన ముఖం కడిగిండ్రు. నా వీపు ఎవ్వరు జూడలే. ఇయ్యాల బోథ్‌ల బామ్మర్ది బావ కన్ను తీసిన ముచ్చటే చెప్పుకుంటుండ్రు. నేను పాడిన ముచ్చట ఎవ్వరు చెప్పుకుంటలేరు. మొదలు నా మాట గుంజుకున్నవ్, తర్వాత నా గెలుపు గుంజుకున్నవ్. రెండు సార్లు నా మీది ప్రేమతోనే గుంజుకున్నవ్. గందుకే నిన్ను తిట్టనీకి నోరు రాదు, తిట్టకుంటే కడుపు మండుతది.

వకీలు వచ్చాడు. బావ తానే పడ్డాడని చెప్పను. విఠల్ నన్ను కొట్టాడు, హనుమండ్లు విఠల్‌ను కొట్టాడు, రెండూ చెప్తాను. పోలీసులు రెండోది ఒక్కటే రాసుకుంటామంటే సంతకం పెట్టను. నీకు శిక్ష పడుతుంది. అవ్వ నాతో మాట్లాడడం మానేసింది. ఏడుపొస్తోంది, అయినా చెప్తాను.

నిన్న బీడీ కార్ఖానా ఆవరణలో పాడాను. పిలిచింది ఆడవాళ్లే, కూర్చుంది ఆడవాళ్లే. బుచ్చిరాములు డప్పు కాచి కొట్టాడు. ఒక్క కుర్చీ విరగలేదు. పాట అయ్యాక ఒక ముసలామె లేచి, తన మొగుడు దేనితో కొట్టేవాడో పాటలాగే చెప్పింది. ఆమె వెనక ఇంకొకామె అందుకుంది. నన్ను ఇంటికి పోనివ్వలేదు. వచ్చే నెల జగిత్యాల పిలిచారు, ఆ తర్వాత సిరిసిల్ల.

నీ కోసం పోస్టులో స్వెట్టరు పంపుతున్నాను, అక్కడ చలి ఎక్కువంటారు. బయటికి వచ్చిన రోజు నేరుగా నా దగ్గరికే రా. నేను ఎక్కడ పాడుతుంటే అక్కడికి రా. వేదిక ఎక్కకు. ఆడవాళ్ల వెనక చాప మీద కూర్చొని నేను పాడింది మొదటి నుంచి చివరిదాకా విను. నన్ను ఎవడన్నా ఏమన్నా అన్నా సరే, నడుమ లేవకు.

నీ అక్క,
గంగుబాయి